నల్లమల, వెలిగొండల్లో రాత్రి బస: తిండిని ఎలుగుబంటికి అందకుండా ఎక్కడ పెట్టాలి?

భైరవకోనకో, పెంచలకోనకో, దోర్నాల పక్క నల్లమల అంచులకో రాత్రి బసకు వెళ్లేవాళ్లు టెంటు ఎంపికకు వారం రోజులు పెడతారు. తిండి సంచిని మాత్రం తల కింద పెట్టుకుని పడుకుంటారు. ఆ సంచిలో బెల్లం, అరటిపండ్లు, శనక్కాయ ఉండలు ఉంటాయి. అడవిలో ఎలుగుబంటి రాత్రంతా వెతుక్కునేవి ఇట్టాంటి తీపి, నూనె వాసనలే.

తిండిని దాచడానికి ఐదారు పద్ధతులున్నాయి. వాటిలో ఏది ఎవరికి కుదురుతుందో చెప్పే ముందు మన ఎలుగు సంగతి తెలియాలి. ఇంటర్నెట్‌లో దొరికే సలహా దాదాపు అంతా అమెరికా నల్ల ఎలుగు గురించి, గ్రిజ్లీ అనే అక్కడి పెద్ద గోధుమ ఎలుగు గురించి రాసింది. దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ పాటిస్తే కొన్నిచోట్ల శ్రమ దండగ, కొన్నిచోట్ల ప్రమాదం.

## మన ఎలుగు ఏం చేస్తుంది?

మన కొండల్లో తిరిగేది పొడుగు జుట్టు, ఛాతీ మీద తెల్లటి వంపు గీత ఉన్న ఎలుగు. చెదలు, చీమలు, తేనె, పండ్లు దాని ముఖ్యాహారం. పై పళ్లలో ముందరి రెండూ ఉండవు. ఆ సందులోంచి పుట్టలోని చెదలను గట్టిగా పీల్చుకుంటుంది. ముందుకాళ్ల గోళ్లు నాలుగు అంగుళాల దాకా ఉంటాయి. గట్టి పుట్టను తవ్వేసే ఆ గోళ్లకు బ్యాగు జిప్పు, టెంటు గుడ్డ ఒక లెక్క కాదు. తేనెపట్టు కోసం చెట్టు కూడా ఎక్కుతుంది. చూపు, వినికిడి అంతంత మాత్రం, ముక్కు మాత్రం చాలా చురుకు.

అమెరికా నల్ల ఎలుగు మనుషుల తిండికి మరిగి సంచులు ఎత్తుకుపోతుంది, అరిస్తే చాలాసార్లు పారిపోతుంది. మన ఎలుగు సంచుల కోసం ఊరికే వెంటబడే రకం కాదు. కానీ చేరువలో హఠాత్తుగా మనిషి ఎదురైతే పారిపోకుండా మీద పడుతుంది, ముఖం మీద, తల మీద గాయాలు చేస్తుంది. పిల్లలతో ఉన్న తల్లి అయితే మరీను. ఎక్కువగా డిసెంబరు, జనవరి నెలల్లో పిల్లల్ని పెడుతుంది. ఆ పిల్లలు తల్లి వీపెక్కి బయట తిరగడం మొదలయ్యే రోజులూ, శివరాత్రికి జనం అడవిదారి పట్టే రోజులూ దాదాపు ఒకటే.

కాబట్టి ఇక్కడ తిండి దాచడమంటే తిండిని కాపాడుకోవడం ఒక్కటే కాదు. మనిషి పడుకున్న చోటికి ఎలుగు రాకుండా చూడటం అసలు పని. డబ్బా ఎంత గట్టిదన్నది రెండో ప్రశ్న. అది మీ టెంటుకు ఎంత దూరంలో ఉందన్నదే మొదటి ప్రశ్న. ఎంత మంచి పెట్టె కొన్నా టెంటులో పెట్టుకుంటే కొన్నదంతా వృథా.

ఇంకో మాట. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో గానీ, పెంచలకోన వైపు శ్రీ పెనుశిల నరసింహ అభయారణ్యంలో గానీ అటవీశాఖ అనుమతి లేకుండా బస చేయకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దీన్ని నేరంగా చూస్తుంది. ఇక్కడ చెప్పేదంతా అనుమతి ఉన్న శిబిరాలకు, సత్రాల ఆవరణలకు, అడవి అంచు తోటల్లో యజమానిని అడిగి వేసుకునే టెంట్లకు.

## ఏం చూసి ఎంచుకోవాలి?

దూరం. వంట చేసే చోటు, తిండి దాచే చోటు, పడుకునే చోటు మూడూ వేరుగా ఉండాలి. టెంటుకు మిగతా రెండూ కనీసం 100 గజాల దూరంలో ఉండాలి, అంటే పెద్దవాళ్ల అంగల్లో సుమారు నూటపాతిక. గాలి టెంటు మీంచి తిండి వైపు వీచేలా చూసుకోవాలి. కోనల్లో చీకటి పడ్డాక చల్లగాలి సాధారణంగా పై నుంచి కిందికి జారుతుంది, అందుకే తిండిని టెంటుకు దిగువన పెట్టడం మేలు. ఎలుగు వచ్చినా వాసన పట్టుకుని దిగువ నుంచే తిండి దగ్గరికి వస్తుంది, టెంటు దారిలో పడదు.

కోతి. దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. ఈ కోనల్లో పగలు సంచులు చింపేది ఎలుగు కాదు, కోతులు, కొండముచ్చులు. ఎలుగును ఆపే పద్ధతి కోతిని ఆపకపోవచ్చు. పగలు ఒక పద్ధతి, రాత్రి ఒక పద్ధతి అవసరం కావచ్చు.

చీమలు, వాన. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు, ప్రకాశంలో ఈశాన్య రుతుపవనాల వాన. జలపాతాలు బాగుండేది అప్పుడే కాబట్టి జనం వెళ్లేదీ అప్పుడే. తడిసిన అటుకులు మరునాటికి పులుస్తాయి, ఆ పులిసిన వాసన ఇంకా దూరం పోతుంది.

బరువు, చెట్లు. వీపున మోస్తారా, బండిలో తెస్తారా? వెళ్లేచోట 20 అడుగుల ఎత్తున కొమ్మ ఉన్న చెట్లున్నాయా? ఉదయగిరి వైపు వెలిగొండల్లో చాలాచోట్ల పొదలూ గిడస చెట్లే. ఈ ఒక్క కారణంతోనే ఒక పద్ధతి చాలామందికి పనికిరాకుండా పోతుంది.

| పద్ధతి | ఎలుగుకు | కోతికి | మోయడానికి | వానకు |
|---|---|---|---|---|
| ఊళ్లో, సత్రంలో వదిలిరావడం | అన్నిటికన్నా భద్రం | భద్రం | బరువే లేదు | బెంగ లేదు |
| తాళం వేసిన కారు, జీపు | ఇక్కడ చాలు | అద్దాలు మూస్తే భద్రం | బండి చేరే చోటే | బెంగ లేదు |
| రేకుపెట్టె, క్లాంపు డ్రమ్ము | తాళం ఉంటే పర్వాలేదు | భద్రం | వీపున మోయలేం | డ్రమ్ము మేలు, పెట్టెలోకి నీరు దిగొచ్చు |
| చెట్టుకు వేలాడదీయడం | సరిగ్గా కడితేనే | పనికిరాదు | అరకిలో లోపు | లోపల ప్లాస్టిక్ సంచి ఉండాలి |
| బేర్ క్యానిస్టర్ (ఎలుగు తెరవలేని ప్లాస్టిక్ డబ్బా) | గట్టిది | భద్రం | సుమారు 1.2 కిలోలు | మూత బిగిస్తే చాలావరకు ఆగుతుంది |
| గట్టి నేత సంచి | తిండి నలుగుతుంది | చాలావరకు ఆగుతుంది | పావుకిలో లోపు | తడుస్తుంది |

## ఊళ్లో వదిలిరావడం

మొదట ఆలోచించాల్సింది దీన్నే. పెంచలకోన లాంటి క్షేత్రాల్లో వసతి గదులున్నాయి. రాత్రి భోజనం అక్కడే ముగించి, చేతులూ మూతీ సబ్బుతో కడుక్కుని, టెంటు దగ్గరికి నీళ్లు మాత్రమే తీసుకెళ్తే దాచాల్సిందే ఉండదు. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లే కుటుంబాలకు మా సలహా ఇదే, రెండో మాట లేదు.

ఇందులో ఒక లోపముంది. అన్నదానం జరిగే చోట విస్తరాకులు, కొబ్బరి చిప్పలు పారేసే గుంత ఎక్కడుందో ముందే చూసుకోవాలి. రాత్రిపూట ఎలుగులు, అడవి పందులు రావడానికి అలవాటుపడేది అక్కడికే. ఆ గుంత నుంచి మీ టెంటు వీలైనంత దూరంగా, గుంతకూ అడవికీ మధ్య దారిలో పడకుండా ఉండాలి. చేరగానే అక్కడి వాచర్‌నో, పశువులు కాసే పెద్దాయననో ఒక మాట అడగండి: "అన్నా, ఈ మధ్య ఎలుగు ఏ పక్క తిరగతా ఉంది?" ఏ వాగు దగ్గర పుట్ట తవ్విందో, ఏ రాత్రి కనిపించిందో వాళ్ల దగ్గర తాజా సమాచారం ఉంటుంది.

## బండిలో పెట్టడం

కారు, జీపు అయితే అద్దాలన్నీ పూర్తిగా ఎక్కించి, తాళం వేసి, టెంటుకు దూరంగా ఆపాలి. తిండి డిక్కీలో, మూత బిగిసే డబ్బాల్లో ఉండాలి. సీటు కింద పడిన చిప్స్ పొడి, పిల్లల సీటులో ఇరుక్కున్న బిస్కెట్టు ముక్కలు దులపాలి. గాలి ఆడాలని అద్దం రెండు వేళ్ల సందు వదిలితే, ఆ సందులోకి గోళ్లు దూర్చి లాగితే అద్దం నిలవదు.

ఆటో, బైకు ఈ లెక్కలోకి రావు. బైకు పక్కన బిగించే ప్లాస్టిక్ పెట్టెకున్న గొళ్లెం కోతిని ఆపుతుంది, ఎలుగును ఆపదు.

## రేకుపెట్టె, క్లాంపు డ్రమ్ము

నలుగురైదుగురు కలిసి బండిలో వెళ్లి, బండికి కాస్త దూరంలో శిబిరం వేసుకునేవాళ్లకు ఇది మంచిది. మామూలు ట్రంకు పెట్టె కొనేటప్పుడు మూత మూలలు చూడండి. పల్చటి రేకు అయితే మూల దగ్గర వేలితో నొక్కితేనే వంగుతుంది, గోరు దూరేది అక్కడే. గొళ్లేలు రెండూ వాడాలి, రెండింటికీ తాళాలు వేయాలి.

మా ఓటు మాత్రం ఇనప రింగు క్లాంపుతో మూత బిగిసే ప్లాస్టిక్ డ్రమ్ముకు. మూత కింద రబ్బరు వాషరు ఉండటం వల్ల వాన దిగదు, చీమలు దూరవు, వాసన కూడా రేకుపెట్టె కన్నా తక్కువ బయటికి వస్తుంది. ముగ్గురి రెండు రోజుల తిండికి 30 లీటర్లది సరిపోతుంది. క్లాంపు మీటకు ఉండే చిన్న రంధ్రంలో తాళమో, బోల్టో పడాలి. అది లేకపోతే మీట ఒక్క దెబ్బకు లేస్తుంది. రొయ్యల చెరువుల దగ్గర తక్కువ ధరకు దొరికే పాత డ్రమ్ములు తీసుకోవద్దు. వాటిలో మందులు పోసి ఉంటారు, ఎంత కడిగినా తిండికి పనికిరావు. కొత్తది, ఆహారానికి పనికొచ్చేదని అడిగి కొనండి.

ఇంట్లో ఉండే నొక్కుడు మూత స్టీలు డబ్బా, పాల క్యాను ఈ పనికి చాలవు. కింద పడి దొర్లితే మూత ఊడుతుంది.

## చెట్టుకు వేలాడదీయడం

ఖర్చు తక్కువ, బరువు తక్కువ, అందుకే అందరూ దీనికే మొగ్గుతారు. సరిగ్గా కట్టేవాళ్లు తక్కువ. మన ఎలుగు చెట్టెక్కుతుంది కాబట్టి కొమ్మకు సంచి తగిలించి వచ్చేస్తే దానికి పని సులువు చేసినట్టే.

సంచి నేలకు 12 అడుగుల ఎత్తున, మొదలుకు 6 అడుగుల ఎడంగా, పై కొమ్మకు 6 అడుగుల కిందుగా వేలాడాలి. కొమ్మ మొదట్లో చేతి లావున ఉండి, సంచి వేలాడే చోట సన్నబడాలి. అప్పుడు సంచిని మోస్తుంది, ఎలుగును మోయదు.

50 అడుగుల నైలాన్ తాడు, బిగుసుకునే కొక్కెం ఒకటి, బొటనవేలంత లావు జానెడు పుల్ల ఒకటి కావాలి. పురికొస వద్దు, తడిస్తే కొమ్మ మీద రాసుకుని తెగుతుంది.

1. వెలుతురు ఉండగానే, సాయంత్రం 4 గంటల లోపు చెట్టు ఎంచుకోండి. చీకట్లో తాడు విసరడం కుదిరే పని కాదు.
2. తాడు ఒక కొసను కొక్కానికి కట్టి, కొక్కాన్ని సంచి మెడకు తగిలించండి. రెండో కొసకు చిన్న రాయిని గుడ్డలో మూటగట్టి కొమ్మ మీదుగా విసరండి. రాయి వెనక్కి ఊగి వస్తుంది, ఎదురుగా ఎవరూ నిలబడకూడదు.
3. అవతల పడిన కొసను తెచ్చి, అదే కొక్కెంలోంచి దూర్చండి. ఆ కొస పట్టుకుని సంచిని కొమ్మ దాకా లాగండి.
4. ఒక చేత్తో తాడు పట్టుకుని, రెండో చెయ్యి అందినంత ఎత్తున తాడును పుల్లకు రెండు చుట్లు ఒకదాన్నొకటి దాటేలా వేసి బిగించండి.
5. తాడు నెమ్మదిగా వదలండి. సంచి దిగుతుంది, పుల్ల పైకి పోయి కొక్కానికి అడ్డం పడుతుంది, సంచి అక్కడే ఆగుతుంది.

కొసను చెట్టు మొదలుకు కట్టే అవసరం రాకపోవడమే ఇందులో అసలు లాభం. మొదలుకు కట్టిన తాడును ఎలుగు గోరుతో తెంపితే సంచి కింద ఉంటుంది. ఇక్కడ తెంపడానికి తాడు లేదు, ఉత్త కొస వేలాడుతుంటుంది, దాన్ని లాగితే సంచి ఇంకా పైకి పోతుందే తప్ప కిందికి రాదు. దించాలంటే కొస లాగి పుల్లను చేతికి అందేలా చేసి ఊడదీయాలి.

సంచి ఎక్కడ ఆగుతుందో ముందే లెక్క కట్టొచ్చు. కొమ్మ ఎత్తుకూ, మీరు పుల్ల కట్టిన ఎత్తుకూ సరిగ్గా మధ్యలో ఆగుతుంది. కొమ్మ 20 అడుగులు, పుల్ల ఆరున్నర అడుగుల దగ్గర అయితే సంచి 13 అడుగుల పైన. కొమ్మ 14 అడుగులే అయితే సంచి 10 అడుగుల దగ్గరే ఆగుతుంది, అది చాలదు. అట్టాంటి చోట రెండు చెట్ల మధ్య తాడు బిగించి నడుమ వేలాడదీయడం కుదురుతుందేమో చూడాలి, లేదా ఈ పద్ధతి వదిలేయాలి.

చెట్టు ఎంపికలో ఇంకో చిక్కుంది. పొదల కొండల్లో పెద్ద చెట్లన్నీ వాగు గట్టునే ఉంటాయి. నీళ్ల కోసం జంతువులు దిగేదీ అక్కడికే. మేడి, ఇప్ప, నేరేడు, తేనెపట్టు ఉన్న చెట్టు జోలికి పోవద్దు. మార్చి, ఏప్రిల్‌లో ఇప్ప పూలు రాలే చెట్టు కింద ఎలుగు రావడం మామూలే. బెరడు మీద నిలువుగా పాత గోటి గీతలుంటే ఆ చెట్టు దానికి అలవాటైనదే.

చీమలకు తాడు ఒక రోడ్డు. కొమ్మకూ సంచికీ మధ్య తాడుకు వేపనూనెలో ముంచిన గుడ్డ పీలిక చుడితే కొంతసేపు ఆగుతాయి. తెల్లారగానే సంచి దించేయాలి, కోతులు లేచేసరికి అది కొమ్మకు ఉండకూడదు.

## బేర్ క్యానిస్టర్, నేత సంచి

క్యానిస్టర్ గట్టి ప్లాస్టిక్ డబ్బా. ఎలుగు నోటికి పట్టనంత లావు, గోటికి అందే అంచు లేని నున్నటి మూత. బేర్‌వాల్ట్ బీవీ500 లాంటిది 11.5 లీటర్లు పడుతుంది, బరువు సుమారు 1.2 కిలోలు. అమెరికాలో మోంటానాలోని వెస్ట్ ఎల్లోస్టోన్‌లో పెంపుడు గ్రిజ్లీల ముందు ఇట్టాంటి డబ్బాలు పడేసి పరీక్షిస్తారు. ఆ పరీక్ష మన ఎలుగుతో చేసింది కాదు, అయినా గ్రిజ్లీ బలాన్ని తట్టుకున్న డబ్బా ఇక్కడ చాలదని అనుకోవడానికి కారణం లేదు.

ఇది వాసనను ఆపదు, కాబట్టి 100 గజాల నియమం దీనికీ ఉంది. చెట్టుకు కట్టకూడదు, కడితే తాడు పట్టుకుని ఈడ్చడానికి ఎలుగుకు పట్టు దొరుకుతుంది. వాలు లేని చోట, వాగుకు ఎడంగా నేల మీద వదలాలి. వాలులో పెడితే దొర్లి లోయలో పడుతుంది, డబ్బా పగలకపోయినా మీకు దొరకదు. మూత చివరి నొక్కు దాటేదాకా తిప్పాలి. సగం బిగించిన మూత, మూత లేనట్టే.

ఇక్కడి దుకాణాల్లో మామూలుగా దొరకదు. చెట్లు లేని వెలిగొండ వాలుల్లో, బండి చేరని చోట, తరచూ నడిచేవాళ్లయితే తెప్పించుకోవడం దండగ కాదు. ఏడాదికోసారి వెళ్లేవాళ్లకు అవసరం లేదు. పొడి తిండి మనిషికి రోజుకు 600–700 గ్రాములు అనుకుంటే ఒకరి ఐదారు రోజులకు సరిపోతుంది. అటుకులు, బొరుగులు చోటు తినేస్తాయి, వాటి బదులు పుట్నాలు, వేయించిన రవ్వ, పొడులు తీసుకుంటే మేలు. పేస్టు, సబ్బు, తలనూనె కూడా అందులోనే పట్టాలని మరవద్దు.

అర్సాక్ లాంటి గట్టి నేత సంచులు పావుకిలో లోపే ఉంటాయి. చినగవు, కానీ ఎలుగు కొరికి పిండితే లోపలున్నదంతా ముద్దవుతుంది. ఇక్కడి అవసరానికి మేము దీన్ని సిఫారసు చేయం.

## మంట, టపాసులు, కరెంటు తీగ

మంట తిండికి కాపలా కాదు. ఆరిపోయాక మిగిలేది కాలిన నూనె వాసన. పైగా ఎండాకాలం బోదగడ్డిలో ఒక్క నిప్పురవ్వ కొండను కాల్చేస్తుంది, అభయారణ్యంలో అది నేరం కూడా. టపాసుకు బెదిరిన ఎలుగు ఏ పక్కకు పరిగెడుతుందో చెప్పలేం, టెంటు పక్కకే రావచ్చు.

కొన్నిచోట్ల పందుల కోసం పొలాల చుట్టూ కరెంటు తీగలు లాగుతారు. దాన్ని చూసి శిబిరానికి అట్టా చేద్దామనే ఆలోచన కూడా వద్దు, చట్టవిరుద్ధం, ప్రాణాంతకం. తోటలో బస చేసినప్పుడు చుట్టుపక్కల అట్టాంటి తీగలున్నాయేమో యజమానిని సూటిగా అడగండి. చీకట్లో గట్లు దాటవద్దు.

## ఎవరికి ఏది?

కుటుంబంతో వెళ్తే: తిండి సత్రంలో, లేదా కారులో. కుర్రాళ్ల గుంపు జీపులో వెళ్తే: క్లాంపు డ్రమ్ము. బైకుల మీద వెళ్లేవాళ్లకు ఏదీ సరిగ్గా కుదరదు. వాళ్లు రాత్రి తిండి ఊళ్లోనే ముగించి, పొద్దుటికి పుట్నాలూ ఖర్జూరాలూ మాత్రం మూత బిగిసే చిన్న సీసాలో వేసి చెట్టుకు వేలాడదీయడం ఉత్తమం. శివరాత్రి పాదయాత్రకు గుంపుగా వెళ్లేవాళ్లు దారిలో అన్నదానం మీద ఆధారపడి, సంచిలో బెల్లం, అరటిపండ్లు మోయకుండా ఉంటే సగం బాధ తప్పినట్టే.

ఏ పద్ధతైనా ఎండుచేపలు, చేపల పులుసు, పండిన మామిడి, తేనె, నెయ్యి కారే తీపి పదార్థాలు అడవిలో రాత్రి ఉంచవద్దు. మధ్యాహ్నమే తినేయండి. విస్తరాకులూ మిగిలిన అన్నమూ రెండు కవర్లలో కట్టి తిండితో పాటే దాచి, తిరిగొచ్చేటప్పుడు వెంట తేవాలి. గిన్నెలు కడిగిన నీళ్లు టెంటు పక్కన పారబోయొద్దు. పడుకోబోయే ముందు అందరి జేబులూ ఒకసారి తడమండి. పిల్లల చొక్కా జేబులో చాక్లెట్టు, పెద్దవాళ్ల దగ్గర వక్కపొడి పొట్లం తప్పకుండా దొరుకుతాయి.

## అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లకు

అక్కడ లెక్క తిరగబడుతుంది. కాలిఫోర్నియాలోని యోసెమిటీలో రాత్రిపూట కారులో తిండి వదలడం నిబంధనలకు విరుద్ధం. నల్ల ఎలుగులు కారు తలుపు వంచి లాగేస్తాయి. క్యాంపు స్థలాల్లో ఇనప లాకర్లుంటాయి, తిండితో పాటు పేస్టు, క్రీములు, ఇంటి నుంచి తీసుకెళ్లిన పచ్చళ్లు అన్నీ అందులోనే పెట్టి గొళ్లెం వేయాలి. అడవి లోపల నడిచి బస చేస్తే క్యానిస్టర్ తప్పనిసరి. అనుమతి పత్రం ఇచ్చే చోటే అద్దెకు దొరుకుతుంది, కొనక్కర్లేదు. చెట్టుకు వేలాడదీయడం అక్కడ ఒప్పుకోరు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆడిరాండాక్ కొండల్లో 'ఎల్లో ఎల్లో' అని పేరు పడ్డ ఒక ఆడ ఎలుగు తిప్పే మూత క్యానిస్టర్లను తెరవడం నేర్చుకుంది. కంపెనీ మూతకు ఇంకో నొక్కు పెట్టాల్సి వచ్చింది. అందుకే వెళ్లే చోట ఏ రకం ఒప్పుకుంటారో ఆ పార్కు వాళ్లను అడిగి తీసుకోవాలి.

## అయినా ఎలుగు వస్తే

తిండి దగ్గర ఎలుగు కనబడితే తిండిని వదిలేయండి. రాళ్లు వేయొద్దు, ఫోటో కోసం దగ్గరికి పోవద్దు, దానికి బయటికి పోయే దారి మూసేలా నిలబడొద్దు. అందరూ ఒకచోట చేరి, అది మిమ్మల్ని ఇంకా చూడకపోతే చప్పుడు లేకుండా, చూస్తే నెమ్మదిగా మాట్లాడుతూ వెనక్కి అడుగులేయండి. పరిగెత్తితే అది మనకన్నా వేగం. చెట్టెక్కితే అదీ ఎక్కుతుంది. మీద పడితే బోర్లా పడుకుని, వేళ్లు పెనవేసి మెడ వెనక రెండు చేతులూ కప్పుకోవాలి, ముఖం నేలకు ఆనించాలి. అది వెళ్లిపోయిందని ఖాయమయ్యాక 108కి ఫోన్ చేయండి. కోనల్లో సిగ్నల్ దొరకదు కనుక ఎక్కడి దాకా నడిస్తే దొరుకుతుందో సాయంత్రమే చూసి పెట్టుకోవాలి.

తిండి పోయి మనుషులు క్షేమంగా ఉన్నా ఆ చోట రెండో రాత్రి ఉండొద్దు. ఒకసారి తిండి దొరికిన చోటికి అది మళ్లీ వస్తుంది. చెల్లాచెదురైన ముక్కలు, చినిగిన కవర్లు వెలుతురు వచ్చాక ఏరి, దగ్గరలోని అటవీశాఖ సిబ్బందికి చెప్పి దిగండి. మీ తర్వాత అక్కడ బస చేసేవాళ్లకు ఆ సంగతి తెలియాలి.